అరటినార ఊరి నుంచి ఉత్తరం

పెద్దమ్మా,

నీ మోకాలి నొప్పి తగ్గిందని తలుస్తాను. బయల్దేరేటప్పుడు గుమ్మం దగ్గర నువ్వు అడిగావు కదా, "అక్కడివాళ్ళు నూరేళ్ళు ఏం చేస్తూ బతుకుతారో చూసి రాయి" అని. ఎలా బతుకుతారని కాదు, ఏం చేస్తూ అని. ఆ ప్రశ్నే వెంటపెట్టుకుని ఊరంతా తిరిగాను.

ఒకినావా జపాన్ దేశానికి దక్షిణపు కొసన ఉన్న దీవి. టోక్యో నుంచి 1,550 కిలోమీటర్లు. విమానం దిగగానే మొహానికి తగిలిన ఉప్పగాలి అచ్చం మన కళింగపట్నం గాలే. మందారాలు, బొప్పాయి చెట్లు, ఎర్ర పెంకుల ఇళ్ళు. ఇంటి కప్పు మీద మాత్రం నోరు తెరిచిన మట్టి సింహం కూర్చుని ఉంటుంది. దాన్ని 'షీసా' అంటారు. మన గుమ్మాలకి కట్టే బూడిదగుమ్మడికాయ పనే అదీ చేస్తుంది.

నాహా పట్నం నుంచి నాగో వెళ్ళి, అక్కడ బస్సు మారి ఒగిమి చేరాం. నా మేనల్లుడు టోక్యోలో ఉద్యోగానికి సెలవు పెట్టి దుబాసీగా వచ్చాడు. దారి పొడుగునా ఎడమవైపు సముద్రం, కుడివైపు కొండలు. విశాఖ నుంచి భీమిలి వెళ్ళే రోడ్డును అద్దంలో చూస్తున్నట్టే ఉంది. ఒగిమిలో ఉండేది సుమారు 3 వేల మంది. మన పక్కన ఒక మాదిరి పల్లె అనుకో. ఇంత చిన్న ఊరు నిండు వయసు పండే ఊరని లోకమంతా పేరు పొందింది. ఒకినావా శతవృద్ధుల మీద వైద్యులు 1975 నుంచి పరిశోధన చేస్తూనే ఉన్నారు. ఊళ్ళో ఒక రాయి నాటారు. దాని లెక్కలో డెబ్బై ఏళ్ళవాళ్ళింకా పిల్లలే. చదివించుకుని, నీ డెబ్బైరెండు తలుచుకుని నవ్వుకున్నాను.

మేం దిగిన ఇంటావిడకి 89 ఏళ్ళు. అందరూ 'ఒబా' అంటారు, మనం మామ్మ అన్నట్టు. వెళ్ళగానే పసుపు టీ ఇచ్చింది! నాకు జలుబు చేస్తే నువ్వు పాలలో కలిపి పట్టించే ఆ పసుపే. భోజనంలో కాకరకాయ. వీళ్ళు 'గోయా' అంటారు, టోఫూ, గుడ్డు వేసి వేయిస్తారు. పంది మాంసం కూడా కలుపుతారుగాని నాకోసం మానేసింది. చేదు విరవడానికి మనలా బెల్లం, చింతపండు వెయ్యరు. రెండో రోజుకి నాకూ ఆ చేదు మీద ప్రేమ పుట్టింది. కడుపు పదిపాళ్ళైతే ఎనిమిది పాళ్ళ దగ్గర చెయ్యి కడుక్కోవడం వీళ్ళ అలవాటు. మారు వడ్డించనీయకుండా విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టే మా తాతయ్య గుర్తొచ్చారు.

జపాన్ వాళ్ళకి 'ఇకిగాయ్' అనే మాట ఉంది. ఇకి అంటే బతుకు, గాయ్ అంటే దానికి తగిన ఫలం. ఇప్పుడు దీని మీద దేశదేశాల పుస్తకాలు వస్తున్నాయి. అందుకే గొప్ప వేదాంతం వినబోతున్నానని సర్దుకు కూర్చుని ఒబాని అడిగాను, నీ ఇకిగాయ్ ఏమిటని. ఆవిడ కాసేపు ఆలోచించి, "రేపు షికువాసా కాయలు కొయ్యాలి. పక్కింటామెకి ఇస్తానన్నాను" అంది. షికువాసా అంటే గోళీకాయంత నిమ్మ. అంతే, ఇంకేం చెప్పలేదు. ఆ జవాబు నాలో దిగడానికి రెండు రోజులు పట్టింది.

శుక్రవారం సాయంత్రం 'మోఆయి'కి తీసుకెళ్ళింది. ఏమిటో తెలుసా? మన చీటీ! నెలకోసారి అందరూ తలా కొంత వేసి, వంతులవారీగా ఒకరు మొత్తం తీసుకుంటారు. పూర్వం ఎవరికైనా కష్టం వస్తే అదే ఆదుకునేది. ఇప్పుడు డబ్బు పేరుకే, అసలు సంగతి కబుర్లు. వీళ్ళ గుంపులో ఆరుగురు, చిన్ననాటి నుంచీ కలిసి ఉన్నవాళ్ళు. ఒకావిడ రాలేదు. కారణం తెలిసేదాకా ఎవరూ టీ ముట్టలేదు, ఫోను చేసి కనుక్కున్నాకే కప్పులు ఎత్తారు. నాకు కళ్ళు చెమర్చాయి పెద్దమ్మా.

అన్నిటికంటే నీకు చెప్పాలని తహతహలాడింది కిజోకా సంగతి. ఒగిమిలోనే ఒక పేట అది. అరటినారతో బట్ట నేస్తారు. పేరు 'బషోఫు'. పళ్ళ కోసం పెంచే అరటి కాదు, దాని చుట్టం. మూడేళ్ళు పెంచి, నరికి, బోదె పొరలు పొరలుగా విప్పుతారు. పై పొరలది ముతక నార, లోపలికి పోయినకొద్దీ సన్నం. బూడిదనీళ్ళలో ఉడికించి, చీల్చిన వెదురుతో గీసి, ఆరబెట్టి, గోటితో వెంట్రుకలా చీలుస్తారు. ఆ పోగుల్ని కొసకి కొస ముడి వేస్తూ పోవాలి. ముడి కనపడకూడదు, విడిపోకూడదు. ఒక్క కిమోనో బట్టకి దాదాపు 200 చెట్లు! గాలిలో తేమ తగ్గితే దారం పుటుక్కున తెగుతుంది. మన పొందూరులో వాలుగ చేప దవడతో పత్తి ఏకడం చూసి పెరిగిన నాకే నోట మాట రాలేదు.

ఆ ముడులు వేసేది ఎక్కువగా ముసలమ్మలు. ఇంట్లో కూర్చుని, పక్కన గంప పెట్టుకుని, మాట్లాడుకుంటూనే వేళ్ళు ఆడిస్తారు. వాళ్ళు వెయ్యకపోతే మగ్గం ఆగిపోతుంది. తొంభై ఏళ్ళ మనిషికి "నీ పని కోసం చూస్తున్నాం" అని చెప్పేవాళ్ళుండటం ఎంత పెద్ద సంగతో ఇక్కడ కళ్ళారా చూశాను.

ఇదంతా సుఖంగా వచ్చింది కాదు. 1945 యుద్ధంలో ఈ దీవి జనంలో నలుగురిలో ఒకరు పోయారు. 1972 దాకా అమెరికా పాలన. ఈ నేత దాదాపు అంతరించింది. తయిరా తోషికో అనే ఆవిడ యుద్ధమయ్యాక ఊరికి తిరిగొచ్చి, భర్తల్ని పోగొట్టుకున్న ఆడవాళ్ళని కూడగట్టుకుని మళ్ళీ మగ్గం ఆడించింది. 2000లో జపాన్ ప్రభుత్వం ఆవిడని సజీవ జాతీయ సంపదగా గుర్తించింది. 2022లో, 101 ఏళ్ళ వయసులో వెళ్ళిపోయింది. 'నుచి దు తకర' అని ఇక్కడో మాట, ప్రాణమే నిధి అని. ఆ ముసలమ్మల నోట వింటే అది సామెతలా వినపడదు.

ఒక్క విచారం కూడా రాయాలి. పిల్లల తరం హాంబర్గర్లకి, కార్లకి అలవాటుపడింది. ఒకప్పుడు ఆయుర్దాయంలో ముందున్న ఒకినావా మగవాళ్ళు 2000 లెక్కల్లో జపాన్ జిల్లాలన్నిటిలో 26వ స్థానానికి జారిపోయారు. ఒబా మనవడు నాహాలో ఉంటాడు, పండక్కే వస్తాడు.

నిన్న మా అదృష్టం కొద్దీ 'కజిమాయా' చూశాం. వీళ్ళ పాత పంచాంగంలో తొమ్మిదో నెల ఏడో రోజు 97 ఏళ్ళవాళ్ళకి చేసే వేడుక. పుట్టగానే ఒకటని లెక్క కాబట్టి మన లెక్కలో 96. కజిమాయా అంటే గాలిచక్రం. తిరునాళ్ళలో కర్రకి గుచ్చి అమ్మే రంగు కాగితాల చక్రమే! ఆ వయసుకి మనిషి మళ్ళీ పసిబిడ్డ అవుతాడని చేతికి ఆ బొమ్మ ఇచ్చి, పూలు కట్టిన కారులో ఊరేగిస్తారు. మన సహస్ర చంద్ర దర్శనానికి రథోత్సవం కలిపినట్టుంది. ఊరంతా రోడ్డు మీదే. చెయ్యి పట్టుకుంటే ఆయుష్షు అంటుతుందని తోసుకుంటూ వచ్చారు. నేనూ పట్టుకున్నాను. గరుకుగా, వెచ్చగా, నీ చెయ్యిలాగే ఉంది.

రాత్రి ఒబాకి నీ గురించి చెప్పాను. తెల్లారగట్లే అరుగు మీద కూర్చుని పత్తి గింజ తీసి, గుడికి వత్తులు చేస్తావని. ఎన్ని చేస్తుంది, ఎలా మెలిపెడుతుంది, తడి చేసుకుంటుందా, విబూది అద్దుకుంటుందా అని గుచ్చి గుచ్చి అడిగింది. నాకు సగం తెలియలేదు, సిగ్గేసింది. ఒక కట్ట పంపిస్తానని మాటిచ్చాను. ఆవిడ వెంటనే లేచి, తను ముడి వేసిన నారపోగు ఒక చిన్న ఉండ చుట్టి నీకిమ్మని నా చేతిలో పెట్టింది. పెట్టె అడుగున, నీకు కొన్న శాలువాలో భద్రంగా దాచాను.

వచ్చే ఆదివారానికి ఇంట్లో ఉంటాను. ఈలోగా ఒక యాభై వత్తులు పక్కన పెట్టి ఉంచు.

నీ బిడ్డ