ఖాళీ చోటు లేని ఇంజన్

హోండా ఎస్2000 గురించి కార్ల పిచ్చోళ్లు ముందు చెప్పే సంఖ్య 9000. నిమిషానికి దాదాపు అన్ని చుట్లు తిరిగేదాకా ఎర్రగీత రాదు. 1999లో వచ్చిన ఈ రెండు లీటర్ల ఇంజన్, టర్బో సాయం లేకుండా, తను పీల్చుకున్న గాలితోనే అమెరికాలో 240 హార్స్‌పవర్ ఇచ్చింది.

డాలస్‌లో ఉండే నా ఇంజనీరింగ్ దోస్తు ఒకడికి ఈ కారుంది. గ్రీన్‌కార్డ్ వచ్చేదాకా ఆగి, ఆగి కొనుక్కున్నాడు. ఇప్పుడు సూపర్‌ఛార్జర్ బిగిస్తానంటున్నాడు. “ఇంకో వంద హార్స్‌పవర్ వస్తదిరా. ఇంజన్ గట్టిది, ఏం కాదు” అని వాడి ధీమా.

గట్టిదే. కానీ దేనికి గట్టిది?

సూపర్‌ఛార్జర్ అంటే క్రాంక్‌షాఫ్ట్‌ నుంచి బెల్టుతో తిరుగుతూ సిలిండర్లలోకి గాలిని తోసే పంపు. సగం బార్ ఒత్తిడి పెంచితే, కాగితం మీద, గాలి ఒకటిన్నర రెట్లు. నొక్కిన గాలి వేడెక్కుతుంది. దాన్ని ఈ ఇంజన్ మళ్లీ 11 రెట్లు నొక్కుతుంది. ఆ కాలపు టర్బో ఇంజన్లలో ఈ నిష్పత్తిని 8, 9 దగ్గరే ఆపేవాళ్లు, రాబోయే ఒత్తిడికి చోటు వదిలి. ఇక్కడ ఆ చోటుని వాడేసుకునే 240 తెచ్చారు. బిగువైన చిన్నకథ లాంటిది. ఇంకో పాత్రని దూర్చాలంటే ఎక్కడో ఒక వాక్యం విరగాలి.

ఇంజన్లో విరిగేది పిస్టన్. వేడి హద్దు దాటితే, మంట చేరకముందే మిగిలిన మిశ్రమం తనంతట తానే అంటుకుంటుంది. దాన్ని నాక్ అంటారు. అది తీవ్రమైతే పిస్టన్ రింగుల మధ్య సన్నటి గట్లు పగలడానికి ఎంతోసేపు పట్టదు.

ఇంటర్‌కూలర్, పెద్ద ఇంజెక్టర్లు, జాగ్రత్తైన ట్యూనింగ్ ఈ ప్రమాదాన్ని బాగా తగ్గిస్తాయి. కాకపోతే అవన్నీ ఎప్పుడూ సరిగ్గా పనిచేస్తూనే ఉండాలి. మా సాఫ్ట్‌వేర్ వాళ్లకిది తెలిసిన కథే. లోడ్ టెస్ట్ పాసైన సర్వరే పండగ సేల్ రోజు పడిపోతుంది. డైనో మీద ఒక్క పరుగు వేరు, టెక్సస్ ఆగస్టు ఎండలో ట్రాక్ మీద ఇరవయ్యో నిమిషం వేరు. పైగా సెంట్రిఫ్యూగల్ రకంలో చుట్లతో పాటే ఒత్తిడీ పెరుగుతుంది. అంటే 9000 దగ్గర, ఇంజన్ అప్పటికే ఆయాసపడేచోట, అన్నిటికంటే ఎక్కువ భారం.

నేను వద్దనలేదు. ఇంజన్ మళ్లీ కట్టించడానికి డబ్బు పక్కన పెట్టుకుని బిగించమన్నా. ఈ కారు తయారీ 2009లోనే ఆగిపోయింది. ఆ వంద హార్స్‌పవర్ ధర కిట్‌ బిల్లులో సగమే కనిపిస్తుంది. మిగతా సగం ఇంజన్ ఆయుష్షులోంచి పోతుంది, అదీ చెప్పకుండా.