దాచిపెట్టిన మాత్ర

టెన్త్‌లో ఉండగా నాకు మొదటిసారి ఫిట్స్ వచ్చాయి. అప్పట్నుంచి వాల్‌ప్రోయేట్ మాత్రలు వేసుకున్నా. ఫిట్స్ ఆగిపోయాయి. డిగ్రీ అయింది, ఉద్యోగం వచ్చింది, పోయినేడు పెళ్లి కుదిరింది. "ఈ సంగతి అబ్బాయి వాళ్లకి చెప్పకే" అంది అమ్మ. సరేనన్నాను.

చెకప్‌కి వెళ్లినప్పుడు డాక్టర్‌గారికి శుభలేఖ ఇచ్చాను. ఆవిడ తేదీ చూసి, "పిల్లల గురించి అనుకునే ముందే ఈ మందు మార్చాలమ్మా" అన్నారు. ఇన్నేళ్లలో ఆ మాట నాకెవరూ చెప్పలేదు.

ఎందుకని అడిగాను. మన ఒక్కో కణంలో దాదాపు 2 మీటర్ల డీఎన్‌ఏ ఉంటుందట. అదంతా హిస్టోన్లు అనే ప్రొటీన్ల చుట్టూ, అమ్మ కుట్టు మిషన్ బాబిన్‌కి దారంలా, చుట్టుకుని ఉంటుంది. హిస్టోన్‌కి ఎసిటైల్ అనే చిన్న రసాయన ముక్క అతుక్కుంటే ఆ చుట్టు వదులవుతుంది, అక్కడి జన్యువులు పని మొదలుపెడతాయి. కొన్ని ఎంజైములు ఆ ముక్కని తీసేస్తే మళ్లీ బిగుసుకుంటుంది. కడుపులో బిడ్డ తయారయ్యేటప్పుడు ఏ కణం మెదడు కావాలి, ఏది గుండె కావాలి అన్నదాంట్లో ఈ వదులు, బిగువులది పెద్ద పాత్ర.

వాల్‌ప్రోయేట్ ఆ ఎంజైముల్నే అడ్డుకుంటుందని 2001లో తేలింది. దాంతో వేళ కాని వేళ కొన్ని జన్యువులు తెరుచుకుంటాయి. బిడ్డకి హాని జరగడానికి ఇదో ముఖ్య కారణమని శాస్త్రవేత్తలు అనుకుంటున్నారు. గర్భంలో ఈ మందు ప్రభావం పడ్డ పిల్లల్లో 100కి దాదాపు 10 మందికి పుట్టుకతోనే లోపాలుంటాయి. 30 నుంచి 40 మందికి ఎదుగుదల, చదువు సమస్యలు రావచ్చు. మెదడు, వెన్నుపాము తయారయ్యే గొట్టం గర్భం నిలిచిన 28 రోజులకల్లా మూసుకోవాలి. అప్పటికి చాలామందికి నెల తప్పిన సంగతే సరిగ్గా తెలీదు!

ఇక దాచేదేముంది? ఆ రాత్రే అతనికి ఫోన్ చేసి చెప్పేశాను. కాసేపు అటునుంచి మాటే లేదు.

"మందు మారిస్తే మళ్లీ ఫిట్స్ వస్తాయా?"

"రావచ్చు."

"అయితే ఈసారి చెకప్‌కి నేనూ వస్తా."

అమ్మ రెండ్రోజులు నాతో మాట్లాడలేదు. మూడోరోజు, "డాక్టర్‌ని ఏమేం అడగాలో రాసుకెళ్లు" అంది.

ఇప్పుడు పాత మందు కొంచెం కొంచెంగా తగ్గిస్తూ, కొత్తది పెంచుతున్నారు. అంతా కుదురుకునేదాకా స్కూటీ తాళాలు అతని దగ్గరే. పిల్లల మాట తర్వాత.

మీరూ ఈ మాత్ర వేసుకుంటున్నారా? ఇది చదివి సొంతంగా మాత్రం ఆపేయకండి. హఠాత్తుగా ఆపితే వచ్చే ఫిట్స్ ప్రాణం మీదికి తెస్తాయి. పెళ్లి మాటలు మొదలవ్వకముందే డాక్టర్‌ని అడగండి. నాలా శుభలేఖ ఇచ్చేదాకా ఆగొద్దు.