పెద్ద టైరు భారం బెల్టు మీదే

డాలస్, వేకో, ఆస్టిన్ నగరాల కింద పరుచుకుని ఉన్న నల్లమట్టి మన కర్నూలు, గుంటూరు, ఆదిలాబాద్ రేగడికి దాయాది. నేలల శాస్త్రం రెండింటినీ వర్టిసోల్ అనే ఒకే తరగతిలో చేర్చింది. ఎండాకాలంలో చెయ్యి దూరేంత నెర్రెలిస్తుంది. వాన పడితే ఉబ్బి బంకబంకగా మారుతుంది. చక్రానికి ఒకసారి పట్టుకుందంటే గీకితే తప్ప వదలదు. టెక్సస్‌లో ఊరికి అవతల ఐదో పదో ఎకరాలు కొనుక్కున్న మనవాళ్లకు ఆ నేల మీద తిరగడానికి ఏటీవీ, అంటే ఆ నాలుగు చక్రాల మోటారు బండి, సరదా వస్తువు కాదు. కంచె స్తంభాలు మోయాలన్నా, గడ్డి కట్టలు లాగాలన్నా, కుంట గట్టు దాకా వెళ్లి రావాలన్నా అదే దిక్కు. వాన పడిన మర్నాడు అది దిగబడుతుంది. దిగబడగానే అందరికీ తోచే మందు పెద్ద టైర్లు. అవి మడ్‌గార్డులకు రాసుకోకుండా బండిని పైకి లేపే 2 అంగుళాల లిఫ్ట్ కిట్. ఆ తర్వాత ఎప్పుడో, బెల్టు తెగి బండి పొలం నడిమధ్య ఆగిపోయాక, క్లచ్ సంగతి గుర్తుకొస్తుంది. ఈ వరస తలకిందులుగా ఉందని నా వాదన. టైరు కొనే రోజునే క్లచ్ లెక్క కూడా తేలాలి. క్లచ్ మార్పు ఏం ఇస్తుందో, ఏం ఇవ్వదో కూడా ఆ రోజే తెలిసి ఉండాలి.

ఇక్కడ క్లచ్ అంటే మన మోటారు సైకిల్ ఎడమచేతి కింద ఉండే లివరు, దాని ప్లేట్లు కావు. మన ఇళ్లలో వాకిట్లో నిలబడి ఉండే యాక్టివా స్కూటర్‌లో ఏముందో, ఎక్కువ ఏటీవీల్లో ఉన్నదీ అదే సూత్రం. నెదర్లాండ్స్‌లో డాఫ్ కంపెనీ 1958లో కారుకు పెట్టిన ఈ బెల్టు పద్ధతిని 1984లో కైనెటిక్ హోండా మన రోడ్ల మీదకు తెచ్చింది. అమెరికాలో పోలారిస్ తన మంచు బళ్ల అనుభవంతో 1985లో ట్రైల్ బాస్ ఏటీవీకి పెట్టింది. ఇంజన్ షాఫ్టు మీద ఒక పుల్లీ, గేర్‌బాక్సు వైపు ఇంకో పుల్లీ, రెంటికీ మధ్య ఒక రబ్బరు బెల్టు. ఒక్కో పుల్లీ ఎదురెదురుగా పెట్టిన రెండు పళ్లేల్లా ఉంటుంది. ఇంజన్ వేగం పెరిగేకొద్దీ ముందు పుల్లీలోని వెయిట్లు బయటికి ఊగి పళ్లేలను దగ్గరికి నెడతాయి, బెల్టు పైకి ఎక్కుతుంది. అప్పుడు వెనక పుల్లీలో బెల్టు లోపలికి దిగుతుంది. అదే గేరు మారడం. వెనక పుల్లీలో ఒక గట్టి స్ప్రింగు, హెలిక్స్ అనే ఏటవాలు గాడి ఉంటాయి. చక్రాల మీద బరువు పడినప్పుడు ఆ గాడి పళ్లేలను బిగించి బెల్టును మళ్లీ పైకి లాగుతుంది. అంటే బండి తనంతట తానే చిన్న గేరుకు దిగుతుంది. వెయిట్ల బరువు, రెండు స్ప్రింగుల బిగువు, గాడి వాలు, ఈ నాలుగింటినీ ఫ్యాక్టరీ తానిచ్చిన టైరును చూసుకుని సరిపెడుతుంది. టైరు మారితే ఆ లెక్క చెదురుతుంది.

ఎంత చెదురుతుందో చూద్దాం. 26 అంగుళాల టైరు తీసి 30 అంగుళాలది వేశామనుకోండి. చుట్టుకొలత 15 శాతం పెరిగింది, అంటే గేర్లన్నీ ఆ మేరకు పొడుగయ్యాయి. గేర్‌బాక్సు అదే ఊపుతో షాఫ్టును తిప్పినా నేలను తోసే బలం 13 శాతం తగ్గుతుంది. స్పీడోమీటరు చాలా బళ్లలో గేర్‌బాక్సు దగ్గరే చక్రాల వేగాన్ని కొలుస్తుంది కాబట్టి 40 మైళ్లు చూపిస్తున్నప్పుడు నిజంగా పోయేది 46. ఇంత చేసి నేలకూ బండి అడుగుకూ మధ్య టైరు వల్ల కలిసొచ్చే ఎత్తు రెండు అంగుళాలే, ఎందుకంటే పెరిగిన నాలుగు అంగుళాల్లో సగమే ఇరుసు కింద ఉంటుంది. బరువు సంగతి ఇంతకన్నా పెద్దది. లోతైన పళ్లున్న బురద టైరు మామూలు టైరుకు రెట్టింపు తూగడం వింత కాదు. ఆ బరువంతా అంచునే ఉందనుకుంటే, దాన్ని అదే చురుకుతో తిప్పడానికి పట్టే శ్రమ రెండు రెట్లు కాదు, రెండున్నర రెట్లకు పైనే. దానికి పళ్ల మధ్య ఇరుక్కున్న నల్లమట్టి అదనం. రేగడి చేలో ఎడ్లబండి తోలిన ఇళ్లవాళ్లకు ఈ లెక్క కాగితం మీద వేసి చూపించాల్సిన పని లేదు.

ఇదంతా చివరికి వచ్చి పడేది బెల్టు మీద. ఎలాగో కాస్త నిదానంగా చెప్పాలి, ఎందుకంటే అసలు కిటుకు ఇక్కడే ఉంది. బండి కదిలే క్షణంలో బెల్టు ముందు పుల్లీని పూర్తిగా పట్టుకోదు, జారుతూ జారుతూ పట్టుకుంటుంది. బండి ఒక కనీస వేగం అందుకున్నాకే ఆ జారుడు ఆగుతుంది. టైరు 15 శాతం పెరిగితే ఆ కనీస వేగమూ 15 శాతం పెరుగుతుంది. నిన్నటిదాకా బెల్టు గట్టిగా పట్టుకుని నడిచిన నెమ్మది వేగం ఇవాళ జారుడు ప్రాంతంలోకి వచ్చేసింది. బురదలో, గట్టు మీద, వెనక లోడుతో మనం నడిపేది సరిగ్గా ఆ వేగంలోనే. జారిన ప్రతిసారీ రాపిడి, రాపిడితో వేడి. క్లచ్ మూత తీసి చూస్తే కథంతా కళ్లముందే ఉంటుంది. మూత లోపల మెత్తటి నల్లపొడి. పళ్లేల మీద కాలిన గీతలు. బెల్టు పక్క అంచులు మామూలుగా మెరుపు లేకుండా ఉండాల్సినవి నున్నగా గాజులా మెరుస్తుంటాయి. ఒక్కచోట బెల్టు వేలిముద్రంత మేర సన్నబడి ఉందంటే, బండి కదలకుండా ఇరుక్కున్నప్పుడు థ్రాటిల్ నొక్కి పట్టుకున్నారని అర్థం. పుల్లీ అక్కడే తిరిగి తిరిగి ఆ ముక్కను కాల్చేసింది. అలాంటి బెల్టు ఆ తర్వాత ప్రతి చుట్టులోనూ టకటకమని కొడుతుంది, తెగేదాకా.

క్లచ్ కిట్ పేరుతో అమ్మేది నాలుగైదు చిన్న వస్తువులు. తేలికైన వెయిట్లు, కొత్త స్ప్రింగులు, కొన్నిట్లో వేరే వాలున్న హెలిక్స్. వెయిట్లు తేలికైతే బెల్టును పైకి నెట్టడానికి ఇంజన్ ఇంకాస్త వేగంగా తిరగాలి, కాబట్టి బండి చిన్న గేరులో ఎక్కువసేపు ఉంటుంది, ఇంజన్ తన బలమున్న వేగం దగ్గరే నిలుస్తుంది. రెండు మూడు గ్రాముల తేడాకే సుమారుగా రెండు మూడు వందల ఆర్‌పీఎం మారుతుంది. వెనక స్ప్రింగు గట్టిదైతే బెల్టు పట్టు పెరుగుతుంది, ఎత్తు ఎక్కేటప్పుడు బండి చప్పున కింది గేరుకు దిగుతుంది. పని సరిగ్గా జరిగిందో లేదో తేల్చేది టాకోమీటరే. చదును దారిలో, గేర్‌బాక్సులోని హై, లో గేర్లలో హై వేసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి చూడాలి. కంపెనీ చెప్పిన గరిష్ఠ బలం ఏ ఆర్‌పీఎం దగ్గరుందో ముల్లు అక్కడే నిలబడాలి. అయిదారు వందలు కిందకు పడిందంటే వెయిట్లు ఇంకా బరువున్నాయి. పైకి వెళ్లి లిమిటర్‌ను తాకి అరుస్తోందంటే మరీ తేలికయ్యాయి, బెల్టును నొక్కే బలమూ తగ్గింది. సముద్రమట్టానికి దగ్గర్లోని హ్యూస్టన్‌లో సరిపెట్టిన వెయిట్లు కొలరాడో కొండల మీద సరిపోవు. ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకూ ఇంజన్ బలం సుమారు 3 శాతం పోతుంది.

ముందు పుల్లీ స్ప్రింగు దగ్గర మాత్రం అమ్మేవాళ్ల మాటకూ నా మాటకూ తేడా ఉంది. అది గట్టిదైతే బండి కదలడానికే ఎక్కువ ఆర్‌పీఎం కావాలి. బురద గుంటలో చక్రాలను ఒక్క ఊపున తిప్పి మట్టి విదిలించుకుని బయటపడాలనుకునే వాళ్లకు అది పనికొస్తుంది. పొలంలో నెమ్మదిగా నడిపేవాళ్లకు మాత్రం అదే కీడు, ఎందుకంటే పైన చెప్పిన జారుడు ప్రాంతం ఇంకా పెరుగుతుంది. పందెంలో నడిపేవాడి కిట్ తెచ్చి పశువుల గడ్డి మోసే బండికి వేయడం తగదు. ఇక రెండో సంగతి. క్లచ్ కిట్ బలాన్ని పుట్టించదు, పోయిన 13 శాతాన్ని తిరిగి ఇవ్వదు. ఇంజన్‌ను సరైన వేగంలో ఉంచి, బెల్టును గట్టిగా పట్టి, ఉన్న బలాన్ని వృథా కానివ్వదు, అంతే. బండి కదిలే క్షణంలో బెల్టు ఎలాగూ తన అట్టడుగు గేరులోనే ఉంటుంది, అంతకన్నా కిందికి దాన్ని ఏ స్ప్రింగూ దింపలేదు. పోయిన నిష్పత్తి తిరిగి రావాలంటే గేర్‌బాక్సులో పళ్ల లెక్క మార్చాలి. అది ఖర్చు, శ్రమ. పోలారిస్ తన హై లిఫ్టర్ ఎడిషన్లలో బురద టైర్లు వేసినప్పుడు గేరింగ్‌ను కూడా తగ్గించింది, సస్పెన్షన్ చేతులనూ వంపుగా మార్చింది. తయారుచేసినవాళ్లే టైరు ఒక్కటీ మార్చి ఊరుకోలేదంటే అందులో మనకు కావలసినంత సాక్ష్యం ఉంది.

దీనికి వచ్చే అభ్యంతరాల్లో బలమైనది ఒకటుంది: లో గేరు వేసుకుంటే చాలదా? నిజానికి చాలావరకు చాలుతుంది. లో గేరులో చక్రాలకు అందే ఊపు పెరుగుతుంది, జారుడు ఆగే వేగం బాగా కిందికి వస్తుంది. నెమ్మది పనికీ, లాగుడుకీ లో వాడమని కంపెనీల పుస్తకాలు చెప్పేది అందుకే. 26 నుంచి 27కు మారి, పొలం పనికే వాడుతూ, లో గేరు మరవనివాళ్లకు క్లచ్ కిట్ అక్కర్లేదని నేనూ ఒప్పుకుంటాను. కాని 29, 30 అంగుళాల బురద టైరు వేసినవాళ్లు ఇంటికి తిరుగు దారిలో హై వేయక తప్పదు, అక్కడ ఇంజన్ మూలుగుతుంది. బెల్టు పోతే ఇంకోటి వేసుకుందాం, సీటు కింద స్పేర్ ఉంది అనేది రెండో వాదన. స్పేర్ ఉండాల్సిందే. కాని తెగిన బెల్టు ఊరికే తెగి పడదు. దారాలు షాఫ్టుకు చుట్టుకుంటాయి, సీళ్లను కోస్తాయి, ఒక్కోసారి మూతనే పగలగొడతాయి. బెల్టు కాలిన కారణం అలాగే ఉంటే కొత్త బెల్టుకూ అదే గతి. వెయ్యి సీసీ బండికి ఈ బాధ లేదు కదా అనేవాళ్లకు ఒక్కటే జవాబు. ఇంజన్ పెద్దదైతే బెల్టు మీదుగా పోయే బలమూ పెద్దదే, జారితే పుట్టే వేడి ఇంకా ఎక్కువ. అన్ని బళ్లూ ఒకటి కావన్నది మాత్రం సబబైన మాట. యామహా గ్రిజ్లీలో బెల్టు ఎప్పుడూ బిగిసే ఉంటుంది, కదిలేటప్పటి జారుడు నూనెలో మునిగిన వేరే క్లచ్ భరిస్తుంది. హోండా ఏటీవీల్లో చాలావాటికి బెల్టే లేదు. వాటి లెక్క వేరు. ఏ బండి కొన్నారో దాని పుస్తకం చూడకుండా ఎవరి సలహానూ, నా సలహాను కూడా, పాటించకండి.

లిఫ్ట్ గురించి ఎక్కువ చెప్పను. అది క్లచ్ మీద నేరుగా భారం వేయదు, కాని ఇరుసు కీళ్లను వంకర కోణంలో తిప్పుతుంది, వాటి రబ్బరు తొడుగులు చిరిగి మట్టి లోపలికి పోతుంది. దానికన్నా ముఖ్యం, టైరు రెండు అంగుళాలు, లిఫ్ట్ రెండు, మొత్తం నాలుగు అంగుళాలు బండి పైకి లేస్తుంది. వెడల్పు అంతే ఉండి ఎత్తు పెరిగితే వాలు మీద బోల్తా పడే ముప్పు పెరుగుతుంది. అమెరికాలో ఏటా వందల మంది ఈ బళ్ల మీద చనిపోతున్నారు. పెద్దవాళ్ల కోసం చేసిన బండిని 16 ఏళ్ల లోపు పిల్లలకు ఇవ్వొద్దన్న హెచ్చరిక బండి మీదే అంటించి ఉంటుంది. శనివారం వచ్చే బంధువుల పిల్లలు ముచ్చట పడ్డారని తాళం ఇచ్చే మన అలవాటు లిఫ్ట్ చేసిన బండి దగ్గర ఆగిపోవాలి. గోదావరి డెల్టాలో రైతు ట్రాక్టరుకు దమ్ము చక్రాలు బిగిస్తాడు, దమ్ము అయ్యాక విప్పేస్తాడు. ఏ నేలకు ఏ చక్రమో, ఆ చక్రంతో ఏ వేగమో ఆయనకు తెలుసు. ఆ లెక్క మనకు కొత్త కాదు, సముద్రం దాటాక ఎందుకు వదిలేయాలి?

టైర్లు ఆర్డరు పెట్టే ముందు ఒక్క గంట కేటాయించండి. ఇంజన్ చల్లారాక క్లచ్ మూత తీసి, బెల్టు అంచులు గాజులా మెరుస్తున్నాయేమో చూడండి. దాని వెడల్పు కొలిచి పుస్తకంలో ఇచ్చిన అంకెతో పోల్చండి. వెనక పుల్లీని మాత్రం సరైన పనిముట్టు లేకుండా విప్పకండి, లోపలి స్ప్రింగు చేతివేళ్లు విరగ్గొట్టేంత బిగువుతో ఉంటుంది. ఉన్న టైరుతోనే బెల్టు కాలుతుంటే, పెద్ద టైరు వేయడానికి మీ బండి సిద్ధంగా లేదు.