అమరావతి పూర్ణఘటం

గుంటూరు నుంచి అమరావతికి 30 కిలోమీటర్ల పైచిలుకు దూరం. మాఘమాసంలో ఒకనాడు పిల్లలతో బస్సెక్కాము. ఒక పక్క పత్తిచేలు, మరో పక్క కల్లాల్లో ఆరబోసిన మిరపకాయలు. ఆ ఘాటుకు బస్సంతా తుమ్ములే!

మహాచైత్యం ఉన్న చోట ఇప్పుడు మిగిలింది మట్టిదిబ్బ, చుట్టూ కొన్ని పలకలు. శిల్పాలు చాలావరకు ఏనాడో మద్రాసుకూ, లండనుకూ తరలిపోయాయి. మిగిలినవి ఊళ్ళో మ్యూజియంలో చూడవచ్చు.

తొలినాటి అమరావతి శిల్పులు చిత్రమైన పని చేశారు. సింహాసనం చెక్కారు, పైన ఛత్రం పట్టారు, కింద పాదముద్రలు వేశారు. కూర్చున్న మనిషిని మాత్రం చెక్కలేదు. రాజ్యం వదలి వెళ్ళిన బుద్ధుని ఆసనం గదా! రాజచిహ్నాలన్నీ ఉన్నాయి, రాజే లేడు.

ఒక పలక దగ్గర మా అబ్బాయి ఆగిపోయాడు. "నాన్నగారూ, ఈ కుండ మన ప్రభుత్వ ముద్రలోది కాదూ?"

వాడన్నది నిజమే. తామరపూలు పొంగివచ్చే ఆ పూర్ణఘటమే 2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రకటించిన రాజముద్రకు మూలం.

15వ శతాబ్దంలో ఇటలీలోని ఫ్లారెన్సు నగరాన్ని తమ చేతిలో ఉంచుకున్న మెడిచీ వంశంవారు, తమ కులచిహ్నమైన గుండ్లను మేడలమీదా, తాము కట్టించిన చర్చీలమీదా చెక్కించారు. చూచిన ప్రతివాడికీ అది ఎవరిదో తెలియాలని!

మరి మన పూర్ణఘటం ఎవరిది? అమరావతిలో దొరికిన ఒక పూర్ణఘట ఫలకం మీద బ్రాహ్మీలిపిలో దాత పేరున్నది. నాగుడనే ఉపాధ్యాయుని కొడుకు విధికుడు. తల్లి, భార్య, అన్నదమ్ములు, కొడుకు, కూతుళ్ళు, బంధుమిత్రులతో కలిసి ఇచ్చిన దానమది. అతడు రాజు కాడు, మంత్రీ కాడు. చర్మకారుడు, తోలుపని చేసి బ్రతికినవాడు.

ఆ తరువాతి శతాబ్దాలలో అదే పని చేసేవాళ్ళ కడవను ఊరి బావిలో ముంచనివ్వలేదు మన ఊళ్ళు. నిండుకుండను దానమిచ్చినవాడి వృత్తివాళ్ళు బావిగట్టు అవతల నిలబడి నీళ్ళకోసం ఎదురుచూచారు. తిరుగు ప్రయాణంలో ఈ సంగతి మా అబ్బాయికి చెప్పడానికి నాకు నోరు రాలేదు. అయినా చెప్పాను.

ఈసారి సర్కారు కాగితం ఏదైనా మీ చేతికి వస్తే, దానిమీది కుండను ఒక్క క్షణం చూడండి. మీ పిల్లలకు విధికుని పేరు చెప్పండి.