వెనుక గేటు నుంచి ముందు గేటుకు



మా హాస్టల్ నుంచి బస్టాండుకు పోయే తొవ్వలో కమ్యూనిటీ హాల్ ఉంది. పెండ్లి, చీర ఫంక్షన్, కంటి శిబిరం, ఎలక్షన్ ట్రైనింగ్ ఏదైనా అందులోనే. ఆ హాల్ మాకు మూలమూలా తెలుసు, కాకపోతే వెనుక గేటు నుంచి. పెండ్లిళ్ల సీజన్‌ల క్యాటరింగ్‌కు పోతం కదా, పూటకు 350. బగార అన్నం బకెట్ పట్టుకొని ఎన్ని వరుసలు తిరిగినమో లెక్కలేదు. మెస్ ఫీజు, బస్ పాస్ అందులోంచే ఎల్లేది.

ఈసారి ఆగస్టు 9కి ఆ హాల్ మేమే బుక్ చేసినం. (జూనియర్ తమ్ముళ్లు ఆ తేదీ ఎందుకని అడుగుతున్నరు. మూలవాసుల మీద ఐక్యరాజ్యసమితి వేసిన బృందం 1982ల అదే రోజు మొదటిసారి కూర్చుంది, 1994ల దాన్ని మన దినంగా ప్రకటించిండ్రు.) పొద్దున తాళం కోసం పోతే వాచ్‌మెన్ అన్న మమ్మల్ని గుర్తుపట్టి, "ఇయ్యాల ఎవల క్యాటరింగ్ తమ్మీ? ఎనుకకెళ్లి రాండ్రి" అన్నడు. రసీదు చూపించినం. పాపం, ఆయనే సిగ్గుపడ్డడు.

లోపల డోలు కొట్టొద్దని హాల్ చూసుకునే సారు ముందే షరతు పెట్టిండు. పెండ్లిళ్లకు డీజే పెడితే కిటికీలు అదురుతయి, దానికి షరతు లేదు. సరేనని వరండాల పెట్టినం. వానకు డోలు తోలు మెత్తబడ్డది. అట్టపెట్టెలు కాలవెట్టి సెగ చూపిస్తే గాని పలకలేదు.

అసలు చెప్పాలనుకున్నది ఇది కాదు. తప్పు మాది కూడా ఉంది.

పెండ్లిళ్లల్ల చూసి చూసి మేము కూడా ముందటి రెండు వరుసల కుర్చీలకు తెల్ల గుడ్డలు తొడిగి, "అతిథులకు మాత్రమే" అని కాగితాలు అంటించినం. పదకొండుకు ఊర్ల నుంచి పెద్దలు వచ్చిండ్రు. పటేల్ తాత, పెప్రె ఊదే కాక, అవ్వలు. ఎవరూ చెప్పకుండనే పోయి ఎనుక గోడకు ఆనుకొని కిందనే కూసున్నరు. ఒంటిగంట దాక ముందటి కుర్చీలు ఖాళీ. అతిథులు ఫోన్‌ల "వస్తున్నం, వస్తున్నం" అంటనే ఉన్నరు. మేము స్టేజీ మీద కొమురం భీం గురించి, జోడేఘాట్ గురించి తెలుగుల ఉపన్యాసాలు చెప్తున్నం. ఎవలకు చెప్తున్నమో మాకే తెల్వదు.

ఆఖరికి గర్ల్స్ హాస్టల్ నుంచి వచ్చిన చెల్లె మైక్ తీసుకొని గోండిల పిలిచింది, ముందుకు వచ్చి కూసోమని. మాకు తలకాయ ఎత్తబుద్ధి కాలేదు. కాగితాలు పీకేసినం. పటేల్ తాత కుర్చీల కూసోని, తెల్లగుడ్డ ముట్టి చూసి నవ్విండు. తర్వాత వరండాల పెప్రె మొదలైతే ఉపన్యాసం వినేటోడు ఒక్కడు మిగల్లేదు. అవ్వలు డెమ్సా కలిసిండ్రు. వాచ్‌మెన్ అన్న కూడా గేటు ఇడిసిపెట్టి వచ్చి నిలబడ్డడు.

అన్నం మేమే వడ్డించినం. చేతులకు అలవాటే కదా. పటేల్ తాత ఇస్తరి ముందట కూసోని ముట్టుకోలే. "మీరెప్పుడు తింటరు?" అని అడిగిండు. ఇన్ని పెండ్లిళ్లల్ల ఆ మాట అడిగినోళ్లు లేరు.

లెక్క: చందాలు పోను 640 రూపాయలు మిగిలినయి, మా దగ్గరనే ఉన్నయి. ఆశ్వయుజ పున్నమికి భీం వర్ధంతి వస్తది. హాల్ లోపల డోలు కొట్టనియ్యాలని ముందుగాల దరఖాస్తు పెడదాం. మంచిగ రాసేటోళ్లు ఎవరన్న ఉంటే ఆదివారం హాస్టల్‌కు రాండ్రి. కుర్చీలకు గుడ్డలు మాత్రం ఈసారి తెప్పిస్తలేం.