పాటల గది కబుర్లు: చలి, క్యారల్స్, ఐదున్నర శ్రుతి

మదనపల్లెకు చలి వచ్చేసిందండీ. ఎనిమిదైనా మంచు విడవదు. బడి ఆటోల్లోంచి దిగే పిల్లలకు మంకీ క్యాపుల్లో కళ్లు మాత్రమే కనిపిస్తాయి, ఎవరు ఎవరో గొంతు విని పోల్చుకోవాల్సిందే. సంగీతం టీచర్లకు అదేమంత కష్టం కాదనుకోండి! డిసెంబరు వచ్చిందంటే మిషన్ బడిలో మా పాటల గదికి తలుపు మూసే పనుండదు. గంట కొట్టకముందే వచ్చేవాళ్లు, గంట కొట్టినా కదలనివాళ్లు, "మిస్, నన్ను క్యారల్స్‌కు తీసుకున్నారా లేదా" అని కిటికీలోంచి తల దూర్చేవాళ్లు. ఈసారి కబుర్లన్నీ ఆ గదివే.

ముందు అసెంబ్లీ. ప్రార్థన గీతం, వాక్యం, వార్తలు, ప్రతిజ్ఞ, ఆఖరున జాతీయగీతం. వరసల్లో నిలబడ్డ పిల్లలకు చలి, పాడించే టీచరుకు చెమట. ఎత్తుగడలో శ్రుతి కాస్త ఎక్కువైందా, చివరి జయఘోష దగ్గరికొచ్చేసరికి సగం గొంతులు అందక ఆగిపోతాయి. అందుకే పాట ఎత్తుకునే పిల్లకు ముందుగా హార్మోనియం మీద షడ్జమం వినిపించి పంపుతాను. 52 సెకన్ల పాటే కదా అని తేలిగ్గా తీసుకోకూడదు, ఈ ఊళ్లో అయితే అసలే తీసుకోకూడదు. టాగూరు 1919లో ఇక్కడి థియోసాఫికల్ కాలేజీకి వచ్చి ఉన్నప్పుడే, ఫిబ్రవరి 28న, ఆ గీతాన్ని తానే ఇంగ్లీషులోకి రాసిచ్చారు. అప్పటి ప్రిన్సిపాలు జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ ఐర్లండులో సంగీతం పట్టా పుచ్చుకున్న మనిషి. ఆ బాణీని స్వరాల్లో రాసిపెట్టడంలో ఆమె చెయ్యి ఉంది. అది మొదటిసారి పాడిందీ ఇలాంటి డిసెంబరులోనే, 1911లో 27వ తేదీన, కలకత్తా కాంగ్రెసు సభలో. ఈ సంగతి చెప్పిన రోజున వెనక వరస పిల్లలు కూడా నిటారుగా నిలబడి పాడతారు.

ఇక పీరియడ్ల సంగతి. అర్ధ సంవత్సరం పరీక్షలు దగ్గరపడగానే లెక్కల టీచర్లకు సిలబస్ గుర్తొస్తుంది, టైంటేబుల్లో సంగీతం పీరియడు కంటబడుతుంది. "ఈ ఒక్క రోజూ ఇవ్వండి మేడం" అంటే కాదనలేం. ఇచ్చిన పీరియడును మధ్యాహ్నం అన్నం బెల్లులో రాబట్టుకుంటాం. పిల్లలు క్యారేజీలు గబగబా ముగించి, చేతులు లంగాలకూ లాగూలకూ తుడుచుకుంటూ పరుగెత్తుకొస్తారు. మార్కుల్లేని చదువుకు ఇంత గిరాకీ ఇంకెక్కడుంది చెప్పండి!

అన్నట్టు, ఏటా ఈ రోజుల్లో ఏడో తరగతికి ఒక ముచ్చట చూపిస్తాను. 'జాయ్ టు ది వరల్డ్' అందరికీ నోటికొచ్చిన క్యారలే. దాని మొదటి వరసను మాటలు తీసేసి స్వరాలతో పాడమంటాను. పై షడ్జమం దగ్గర మొదలై, ఒక్కో మెట్టే దిగుతూ, కింది షడ్జమం మీద ఆగుతుంది. స, ని, ద, ప, మ, గ, రి, స. ఒక్క స్వరం వదిలిపెట్టలేదు, ఒక్కటీ అదనంగా లేదు. "మిస్, ఇది అవరోహణ కదా!" అని ఏదో ఒక బెంచీలోంచి కేక వినిపిస్తుంది. అవును, 29వ మేళకర్త, ధీరశంకరాభరణం అవరోహణే. ఐజాక్ వాట్స్ 1719లో అచ్చువేసిన మాటలకు, 19వ శతాబ్దంలో అమెరికాలో లోవెల్ మేసన్ కూర్చిన బాణీ అది. ఆయనకు శంకరాభరణం పేరు తెలిసే వీల్లేదు, స్వరాలు మాత్రం ఆ దారినే దిగాయి. 'సైలెంట్ నైట్' కూడా ఆ స్వరాలదే. తిస్ర నడకలో ఉయ్యాల ఊపినట్టు సాగుతుంది. 1818 క్రిస్మస్ ముందు రాత్రి ఆస్ట్రియాలోని ఓబెర్న్‌డోర్ఫ్ అనే ఊళ్లో గిటారు తోడుగా తొలిసారి పాడిన పాట. ఈ రెండింటితో మొదలుపెడితే పిల్లలు సరళీ వరసలకు భయపడరు. దొరల పాటలు వేరు, మన సంగీతం వేరు అనే గోడ వాళ్ల మనసులో లేవకముందే ఈ వయసులోనే ఇది చూపించెయ్యాలి. ఈ మాట ఎన్నిసార్లయినా చెబుతాను.

ఇక పాత కీర్తనలు. 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' పుస్తకం తెరవండి, ప్రతి పాట నెత్తిన రాగం, తాళం అచ్చువేసి కనిపిస్తాయి. శంకరాభరణం, బిలహరి, తోడి, ఆది తాళం, అన్నీ మన కచేరీల్లో వినేవే. పురుషోత్తమ చౌదరి గారు (1803–1890) మొదలుకొని ఆ కవులు మన రాగాలమీదే మనసు పెట్టి రాశారు. ఇప్పుడు కీబోర్డు మీద బటను నొక్కితే ఢాం ఢాం అని రిథమ్ వస్తుంది, తోడినీ దానికిందికే తోసేస్తారు. నాకది బొత్తిగా నచ్చదు. తోడిలో గాంధారాన్ని కంపితంగా పట్టుకోవడానికి గొంతుకు తీరిక కావాలి, బటను ఆ తీరిక ఇవ్వదు. అందుకని సెలవు రోజుల హోంవర్కు మా క్లాసులో ఒక్కటే: ఇంట్లో అవ్వ దగ్గర కూర్చుని ఒక పాత కీర్తన నేర్చుకుని రండి. మరుసటి సోమవారం చూడాలి ఆ సందడి. ఒకే కీర్తన, ఇద్దరు అవ్వలు, రెండు బాణీలు. రెండూ పాడించుకుంటాం. ఏది అసలుదో తేల్చే పని పెట్టుకోము, అవ్వలతో తగువెందుకు!

డిసెంబరు అంటే ఒక్క క్రిస్మస్సే కాదు కదండీ. ధనుర్మాసం మొదలవగానే తెల్లవారుజామున గుడి మైకులో తిరుప్పావై. మాల వేసుకున్న నాయన వెంట అయ్యప్ప భజనకు వెళ్లొచ్చిన పిల్లవాడు, సాయంత్రం మా దగ్గర క్యారల్ పాడతాడు. మసీదు వీధిలో ఉండే అమ్మాయికి ఇంట్లో నాత్‌లు పాడే అలవాటుంది, శ్వాస నిలపడంలో క్లాసంతా ఆమె తర్వాతే. పల్లెల నుంచి బస్సులో వచ్చేవాళ్లకు చెక్కభజన, పండరి భజన చేతిలోనే ఉంటాయి. తాళం వెయ్యడం వాళ్లకు నేను నేర్పేదేం లేదు, వాళ్లే నాకు రెండు కొత్త దరువులు చూపించి పోతారు. ఇన్ని ఇళ్ల పాట ఒక్క బడిలో కలిస్తే వాయిద్యాలు తక్కువైనా ఏమీ లోటనిపించదు.

ఇప్పుడు కొంచెం గట్టిగా చెప్పాల్సిన మాట. క్యారల్స్ జట్టు ఎంపిక రోజున చాలా చోట్ల ఒక అలవాటుంది. శ్రుతి కలవని పిల్లను వెనక నిలబెట్టి, "నువ్వు పెదవులు కదిపితే చాలమ్మా" అంటారు. ఆ మాట ఒకసారి విన్న బిడ్డ పెళ్లై పిల్లలు పుట్టాక కూడా "నాకు పాట రాదు" అంటూనే ఉంటుంది. అలాంటి అమ్మలు మా తల్లిదండ్రుల మీటింగుకు ఎంతమంది వస్తారో! శ్రుతి కలవకపోవడం చాలామందిలో గొంతు లోపం కాదు, విని సరిచూసుకునే అలవాటు ఇంకా కుదరకపోవడమే. ఆ పిల్లను శ్రుతిపెట్టె పక్కనే కూర్చోబెట్టండి. ముందు ఆమెకు హాయిగా వచ్చే స్వరం ఏదో కనుక్కుని, మనం అక్కడికి వెళ్లి, అక్కడి నుంచి చెయ్యి పట్టుకుని నడిపించినట్టు ఒక్కో స్వరం జరపండి. వారాలు పడుతుంది. పట్టనివ్వండి. ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి స్వరం వెళ్లి సరిగ్గా షడ్జమం మీద కూర్చుంటుంది. ఆ క్షణం ఆమెకూ తెలుస్తుంది, పక్కనున్నవాళ్లకూ తెలుస్తుంది, క్లాసంతా చప్పట్లు కొడుతుంది.

ఎనిమిది, తొమ్మిది తరగతుల అబ్బాయిలది ఇంకో కథ. గొంతు మారే వయసు. జూన్‌లో ఐదున్నర శ్రుతిలో కోయిలలా పాడినవాడు డిసెంబరుకు నోరు తెరవగానే బొంగురు. పక్కవాళ్లు నవ్వుతారు, వాడు సంగీతం గది వైపు రావడం మానేస్తాడు. అలా మానెయ్యనివ్వకూడదు. వాళ్లకు మంద్రంలో రెండు మూడు స్వరాల వరస ఒకటి కట్టిస్తాం, కింద ఆధార షడ్జమంలా పట్టుకుంటారు. అరవడం నిషేధం, కంజిర ఉచితం. కొత్త గొంతు కుదురుకున్నాక పాడేవాడిని చూడండి, భుజాలు రెండంగుళాలు పెరిగి ఉంటాయి.

హార్మోనీ పెట్టె సంగతి అడగనే లేదు మీరు. చలికి తిత్తి బిగుసుకుంది, ఒక మెట్టు నొక్కితే పక్క మెట్టూ పలుకుతోంది. పొద్దున్నే కాసేపు ఎండలో పెడితే దారికొస్తుంది. 1842లో పారిస్‌లో అలెగ్జాండర్ దెబేన్ పేటెంటు తీసుకున్న ఈ వాయిద్యం మిషనరీల వెంట మన దేశానికొచ్చి, చర్చీలోంచి పద్యనాటకాల్లోకి, భజన మందిరాల్లోకి నడిచిపోయింది. గమకం పలకదని ఆకాశవాణి 1940 నుంచి మూడు దశాబ్దాలు దీన్ని గుమ్మం బయటే నిలబెట్టింది. మా గుమ్మంలో మాత్రం ఎప్పుడూ లోపలే! అయితే తోడి నేర్పే రోజున నేనూ దాన్ని మూసేసి తంబురా శ్రుతి మీదే పాడిస్తాను. దేని గౌరవం దానిదే.

ఇక పుంగనూరు కబురు. అక్కడి టీచరమ్మ ఫోను చేస్తే ముందు వచ్చేది పశువుల పాక ప్రస్తావన. క్రిస్మస్ నాటకంలో తొట్టి, గొర్రెల కాపరులు, జ్ఞానులు అన్నీ సిద్ధమే. ప్రపంచంలోని అతి పొట్టి పశుజాతుల్లో ఒకటి సొంత ఊరిదైనప్పుడు పిల్లలు ఊరుకుంటారా! "నిజం పుంగనూరు ఆవునే స్టేజీ ఎక్కిద్దాం మిస్, సరిగ్గా సరిపోతుంది" అని ఏటా పట్టు. మూడడుగుల పైచిలుకు ఎత్తే కాబట్టి కొలతలు కుదురుతాయి కానీ, ధర విన్నాక అట్టముక్క ఆవుతోనే సర్దుకుంటారు. దానికి తోక ఊపే బాధ్యత మూడో తరగతి పిల్లవాడిది. సాధన చెయ్యకుండా రాడట.

పలమనేరు, వి.కోట దాటి కుప్పం వెళితే పాటకు మూడు భాషలు. అటు తమిళనాడు, ఇటు కర్ణాటక, మధ్యన మనం. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయాన్ని అక్కడ పెట్టింది ఊరికే కాదు. క్యారల్స్ బృందం ఒక ఇంట్లో తెలుగు, పక్కింట్లో తమిళం, వీధి మలుపు తిరిగాక కన్నడం అందుకుంటుంది. తమిళ కీర్తనల్లో తంజావూరు వేదనాయగం శాస్త్రి (1774–1864) పాటలకు ఇప్పటికీ ఆదరణ. ఆయన శరభోజి రాజుతో కలిసి చదువుకున్నవాడు. రాగం ఒకటే, మాటలు మూడు రకాలు. ఒకటో తరగతి పిల్లలు మూడూ కలిపేసి నాలుగో భాష పాడినా ఆ వీధిలో అందరికీ అర్థమవుతుంది.

అన్నట్టు, గొంతు జాగ్రత్తలు. గేటు దగ్గర రేగిపండ్ల బండి వచ్చేసింది, ఉప్పూ కారం చల్లి పొట్లం కడుతున్నారు. క్యారల్స్ అయ్యేదాకా వద్దంటే వినేదెవరు! మిరియాల కషాయం ఫ్లాస్కులో తెస్తున్నా, తాగినవాళ్లకే ముందు వరస. అనపకాయల కాలం కూడా ఇదే. సంతలో మూటలు దిగాయి. ఏ ఇంట్లో చూసినా గింజలు నానబెట్టి పొట్టు పితుకుతూ కబుర్లు. పితకపప్పు కూర, రాగి సంగటి పెట్టే ఇల్లుంటే ఆ ఇంటి ముందు మా పిల్లలు ఒక చరణం ఎక్కువ పాడతారు. ఇక టమాటా మండీలో ధర బాగుంటే జట్టుకు కొత్త కండువాలు, లేకపోతే పోయినేటివి ఇస్త్రీ చేసుకుంటాం. రెండింటికీ పాట ఒకే తీరుగా వస్తుంది.

సాయంత్రాల క్యారల్స్‌లో చివరి మజిలీ ఆరోగ్యవరం వైపు. పొడి గాలి, మంచి ఎండ ఉన్న చోటని క్షయ రోగుల కోసం 1915లో మిషన్లన్నీ కలిసి తెరిచిన ఆసుపత్రి అది. అక్కడ చెట్ల కింద నిలబడి గుండెలనిండా గాలి పీల్చడం పిల్లలకు నేర్పుతాను. పొట్ట ముందుకు రావాలి, భుజాలు లేవకూడదు, వదిలేటప్పుడు సన్నగా, సమంగా. పడకల దగ్గర గట్టిగా పాడకూడదు, మెల్లగా పాడితే శ్రుతి జారకూడదు. గట్టిగా పాడటం ఎవరైనా పాడతారు, మెల్లగా పాడటానికే సాధన. క్రిస్మస్ తాత వేషం పదో తరగతి పొడుగు అబ్బాయిది. వీధి కుక్కలకు ఆ ఎర్ర గౌను ఎందుకో గిట్టదు, అందుకని తాత ఎప్పుడూ జట్టు నడిమధ్యనే నడుస్తాడు.

మిషన్ బడులకు దసరాలో తగ్గించిన సెలవులు ఇప్పుడిస్తారు కాబట్టి 25 తర్వాత కాస్త ఊపిరి. 31 రాత్రి వాచ్ నైట్ ఆరాధనకు మళ్లీ అందరం కలుస్తాం. జనవరి మొదటివారంలో తలుపు తీయగానే రిపబ్లిక్ డే పాటలు, ఆ వెనకే సంక్రాంతి గొబ్బి పాటలు నేర్పమని అమ్మాయిల వరస. ఈలోగా మీ ఇళ్లలో వాడకుండా మూలన పెట్టిన డోలక్కో, కంజిరో ఉంటే మా గదికి పంపండి. పాత కీర్తనల బాణీలు తెలిసిన అవ్వలుంటే వాళ్లను వెంటబెట్టుకుని రండి. అన్నం బెల్లు పన్నెండున్నరకు.