షిందగా అత్తరింట్లో

దుబాయి క్రీక్ ఒడ్డున అల్ షిందగా పాతపేటలో ఒక ఇంటిని పరిమళాల మ్యూజియంగా మార్చారు. పాలక కుటుంబానికి చెందిన దివంగత షేఖా షేఖా బింత్ సయీద్ అల్ మక్తూమ్ నివసించిన ఇల్లది. అత్తర్లు సేకరించడమే కాక స్వయంగా కలపడం కూడా తెలిసిన మనిషి ఆవిడ. మ్యూజియం అంటే అద్దాల వెనక వస్తువులు చూసి రావడమే కదా. ఇక్కడ ముక్కుకూ పని పెట్టారు. కుంకుమపువ్వు, గులాబీ, గంధం, కస్తూరి, ఊద్‌లను దేనికదే వాసన చూడొచ్చు. మంచి పరిమళం పూస్తే మనుషులు ఇట్టే ఆకర్షితులవుతారని అత్తరు వ్యాపారం నమ్మబలుకుతుంది. ఈ ఇల్లు తిరిగాక ఆ మాట తలకిందులుగా ఉందనిపించింది. మనసు లాగేది వాసనలోని మహిమ కాదు, ఆ వాసనకు అంటుకున్న జ్ఞాపకం.

ఊద్‌నే తీసుకుందాం. మనం అగరు అనేది దాన్నే (మన అగరుబత్తుల్లో చాలావాటికి ఆ పేరే మిగిలిందనుకోండి). చెట్టుకు గాయమై బూజు పడితే, దాన్ని తట్టుకోవడానికి మానులో ఊరే నల్లటి జిగురే ఈ పరిమళానికి మూలం. అస్సాంలోని హోజాయి నుంచి గల్ఫ్‌కు ఈ వ్యాపారం ఏళ్లుగా సాగుతోంది. అజ్మల్ అత్తర్ల కుటుంబానిదీ ఆ ఊరే. తొలిసారి అస్సాం ఊద్ నూనె వాసన చూసినవాళ్లకు పశువుల పాక, పచ్చితోలు గుర్తొస్తాయి. ఎమిరాతీలకు మాత్రం అదే మర్యాద, అదే పండగ, అదే పెళ్లి. భోజనాలయ్యాక నిప్పు కణిక మీద ఊద్ ముక్క వేస్తారు. జిగురు కరిగి చిటపటలాడి పొగ లేస్తుంది. ఆ ధూపపాత్ర, అంటే మబ్ఖరా, చేతులు మారుతూ వస్తే అతిథులు పొగను గడ్డానికీ బట్టలకూ పట్టించుకుంటారు. మగవాళ్లు వేసుకునే పొడుగు అంగీ, అంటే కందూరా, మెడ దగ్గర వేలాడే కుచ్చును అత్తరులో తడిపే అలవాటూ ఉంది. ఇలా పసితనం నుంచీ ఆత్మీయుల బట్టల్లో పీల్చిన వాసన పెద్దయ్యాక మనసు లాగదా మరి!

దీనికి మెదడులోనే ఆధారం ఉంది. చూపు, వినికిడి థాలమస్ అనే కూడలి దాటి మెదడు పైపొరకు చేరతాయి. వాసన ఆ కూడలికి పోకుండానే భావోద్వేగాల కేంద్రమైన అమిగ్డలాకు, జ్ఞాపకాల కేంద్రమైన హిప్పోక్యాంపస్‌కు దగ్గరి దారిలో చేరుతుంది. వాసన లేపే జ్ఞాపకం మిగతావాటికంటే కచ్చితంగా ఏమీ ఉండదనీ, కానీ మరింత భావోద్వేగంతో ఉంటుందనీ మనస్తత్వ శాస్త్రవేత్త రేచల్ హెర్జ్ పరిశోధనలు తేల్చాయి. ఊహ తెలియని వయసులో పడ్డ ముద్ర కూడా చెరగదు. వెనిల్లా కలిపిన సీసా పాలు తాగి పెరిగినవాళ్లలో ఎక్కువమంది, పెద్దయ్యాక వెనిల్లా కలిపిన కెచప్‌నే మెచ్చుకున్నారని 1999లో ఒక జర్మన్ అధ్యయనం చూపింది.

ఇష్టం జ్ఞాపకంలో కాదు, పుట్టుకలోనే ఉందనే అభ్యంతరాలు లేకపోలేదు. 1995లో స్విట్జర్లాండ్‌లో జీవశాస్త్రవేత్త క్లాస్ వెడెకిండ్, మగవాళ్లు రెండు రాత్రులు వేసుకున్న టీషర్టులను ఆడవాళ్లకు వాసన చూపించారు. గర్భనిరోధక మాత్రలు వాడనివాళ్లకు, తమకు భిన్నమైన రోగనిరోధక జన్యువులున్నవారి వాసనే ఎక్కువ నచ్చింది. అయితే తర్వాతి ప్రయోగాల ఫలితాలు ఒకదారిన లేవు. మనుషుల్లో ఫెరోమోన్ (ఒక జీవి వదిలి, అదే జాతి జీవుల ప్రవర్తనను మార్చే రసాయనం) ఫలానాదని గట్టిగా రుజువు కాలేదని 2015లో జంతుశాస్త్రవేత్త ట్రిస్ట్రామ్ వయాట్ తన సమీక్షలో తేల్చి చెప్పారు. ఇంతకంటే బలమైన అభ్యంతరం 2022 నాటిది. వేర్వేరు సంస్కృతుల వాళ్లకు విడి రసాయనాల వాసన చూపిస్తే, ఇష్టాయిష్టాల్లో సంస్కృతి వాటా 6 శాతమే అని తేలింది. కానీ ఆ పరీక్షలోనే వ్యక్తికీ వ్యక్తికీ ఉన్న తేడా వాటా సగానికి మించింది. పైగా అడిగింది ఏది బాగుందని, ఏది మనసు లాగిందని కాదు. ఈ రెండూ ఒకటి కావు. మల్లెలో ఇండోల్ ఉంటుంది, మలంలోనూ ఉండే రసాయనమే అది. దాన్ని విడిగా గాఢంగా చూపిస్తే ముక్కు మూసుకుంటాం. బర్ దుబాయి సందుల్లో మల్లెదండ కొనే తెలుగువాళ్లకు ఆ దండలో గుర్తొచ్చేది వేసవి సాయంత్రం, పెళ్లిపందిరి. పక్కన నడిచే వేరే దేశస్థుడికి అవి ఉత్త పూలు.

దేరా అత్తర్ల బజారుకు వెళ్లే తెలుగువారికి ఒక్క మాట. 2012లో చెక్ పరిశోధకులు మనిషి తనకు తానై ఎంచుకున్న అత్తరు, ఇంకెవరో ఇచ్చిన దానికంటే అతని ఒంటివాసనతో బాగా కలుస్తుందని చూపారు. కాబట్టి కాగితపు ముక్క మీద చూసి తేల్చుకోకండి. మణికట్టు మీద రాసుకుని అరగంట బజారులో తిరిగి, అప్పుడు బేరమాడండి. ఎదుటివాళ్లను వశం చేస్తుందని చెప్పే సీసాకు మాత్రం ఒక్క దిర్హమ్ కూడా ఎక్కువ ఇవ్వకండి.